మేనత్త చావనంటోంది

పోయిన వారం జిమాసాని ఎక్కడ వదిలేశామో అక్కడే ఉంది. రిహార్సల్ హాలు మధ్యలో, నోరు తెరుచుకుని, తాళం వేస్తున్న చెయ్యి గాల్లోనే నిలిపేసి. ఆ చెయ్యి దించాలో వద్దో ఆవిడకి తోచలేదు. పియానో ముందు కూర్చున్న నాకూ తోచలేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. జిమాసా దుబులా దక్షిణాఫ్రికాలో మా పోర్ట్ ఎలిజబెత్ మనిషి. (ఊరి పేరు మార్చి ఏళ్ళయినా నా నోటికి పాతదే వస్తుంది.) ఒపేరాలు కడుతుంది. మామూలుగా మాటలు రాసేవాళ్ళొకరు, స్వరాలు కట్టేవాళ్ళొకరు ఉంటారు. ఇద్దరూ కొట్టుకుంటారు, అందులోంచి ఒపేరా పుడుతుంది. ఈవిడ రెండూ తనే చేస్తుంది కాబట్టి కొట్లాట కూడా ఒక్కతే పడుతుంది. "ఈ మాటలు రాసిన గాడిదెవరు? గొంతు తిరగడం లేదు" అని తిట్టుకోవడం, మరుక్షణం "ఇంత మంచి మాటలిస్తే ట్యూను కట్టడం చేతకాలేదు ఆ గాడిదకి" అని జవాబు చెప్పుకోవడం నేను స్వయంగా విన్నాను. జర్మనీలో చదువుకుని వచ్చింది. వచ్చాక చాలాకాలం వేయించిన కోడి ప్రకటనలకీ బట్టల సబ్బు ప్రకటనలకీ పాటలు కట్టి బతికింది. ఒకసారి చిన్న ఒపేరా వేస్తే, వేదిక మీదకి తెచ్చిన నిజం మేక పెళ్ళికూతురి ముసుగు నమిలేసింది. పత్రికలన్నీ మేకనే మెచ్చుకున్నాయి. నలభై దాటాక, ఇన్నాళ్ళకి, నగరంలో పెద్ద నాటకశాల వాళ్ళు పిలిచి మూడంకాల ఒపేరా రాయమన్నారు. వచ్చే శుక్రవారమే మొదటి ప్రదర్శన.

కథ తన ఇంట్లోదే తీసుకుంది. జిమాసా అమ్మానాన్నల పెళ్ళి రెండేళ్ళు ఆగిపోయింది. ఆపింది ఎవరో కాదు, నాన్నకి స్వయానా అక్క. మా వాళ్ళలో మగపెళ్ళివారు ఆడపిల్ల ఇంటికి ఆవుల్ని తోలుకెళ్ళాలి. అక్క పెళ్ళికి వచ్చిన ఆవులే తమ్ముడి పెళ్ళికి వెళ్తాయి. ఆ అక్క దొడ్డి గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుని, "నా పేర వచ్చిన ఆవులు నా మాట లేకుండా కదలవు" అందట. కాబోయే మరదలంటే గిట్టకే ఇదంతా చేసిందని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటారు. జిమాసా ఆ అక్కని ఒపేరాలో విలన్ని చేసింది. రెండో అంకంలో కోడి ఎముక గొంతుకి అడ్డం పడి చచ్చిపోతుంది. ఆవులు కదులుతాయి, మూడో అంకంలో పెళ్ళవుతుంది.

ఆ చావుకి ఊరంతా పండగ చేసుకునే పాట కోరస్ వాళ్ళు పాడుతుండగా, తలుపు తెరుచుకుని అసలు అక్క లోపలికి వచ్చింది.

మా ఊళ్ళో ఆవిణ్ణి పేరుతో పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. వంశం పేరు కలిపి మారాదెబె అంటాం. డెబ్భై దాటాయి. గురువారం ప్రార్థన కూటం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చర్చి ఆడవాళ్ళ యూనిఫారంలోనే ఉంది: ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, నల్ల స్కర్టు, తెల్ల టోపీ. బయట గాలికి టోపీ ఒక పక్కకి ఒరిగింది. దాన్ని సర్దుకుని, గొడుగు నేలకి ఆనించుకుంటూ, కుడికాలు కొంచెం ఈడుస్తూ వచ్చి మొదటి వరసలో కూర్చుంది.

"ఆగిపోయారేం?" అంది. "పాడండి. పోయిందెవరో నేనూ తెలుసుకుంటాను."

మా కోరస్‌లో సగానికి పైగా ఆవిడ చర్చి వాళ్ళే. కింది స్థాయిలో పాడే బాస్ గొంతుల వరసలో ఉన్న పెద్దమనుషులందరూ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. జిమాసా నా వైపు చూసింది. నేను పియానో మెట్ల వైపు చూశాను. చివరికి చేసేది లేక స్వరం అందించాను.

పోయింది పోయింది, నోకాయో పోయింది,
దొడ్డి గుమ్మానికి ఊపిరాడింది!

నిజం శవం ముందు కూడా ఎవరూ అంత నీరసంగా పాడరు. మారాదెబె గొడుగుతో నేల మీద కొట్టింది.

"ఆపండి. ఎవరా టెనార్లు? రెండో చరణంలో కిందికి జారిపోతున్నారు. నేను చచ్చినందుకు సంతోషమా, బాధా? ముందు అది తేల్చుకోండి."

"సంతోషమే, మారాదెబె," అన్నాడు పై స్థాయిలో పాడే టెనార్లలో ఒకడు, పొరపాటున. పక్కవాడు వాడి కాలు తొక్కాడు.

"అయితే గొంతు తెరిచి పాడండి. ఆదివారం చర్చిలోనూ ఇంతే, నసుగుడు."

ఈసారి పాడారు. భయంతో పాడారో, కసితో పాడారో తెలీదు గానీ కిటికీ అద్దాలు అదిరాయి. రెండు నెలలుగా జిమాసా ఎంత మొత్తుకున్నా రాని బిగువు ఆ ఒక్కసారికి వచ్చింది. మారాదెబె తల ఊపుతూ విన్నది.

"బాగుంది పాట," అంది. "ఇప్పుడు చెప్పవే పిల్లా. ఎలా పోయాను?"

"అత్తా, అది నువ్వు కాదు," అంది జిమాసా. "కల్పిత పాత్ర."

"కల్పిత పాత్ర పేరేమిటి?"

"నోకాయో."

"నా పేరేమిటి?"

జిమాసా స్వరాల కాగితాలు తిరగేసింది.

"నోకాయా. ఆఖర్న ఒక్క అక్షరం మార్చడానికి జర్మనీలో అన్నేళ్ళు చదవాలటే?"

బాస్ వరసలో ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు పక్క తలుపులోంచి బుకెకా వచ్చింది. నోకాయో పాత్ర పాడేది ఈ అమ్మాయే. మంద్రంలో బంగారంలాంటి గొంతు. బట్టలు కొలత చూసుకుని అవే వేసుకుని వచ్చింది పాపం: ఎర్ర జాకెట్టు, తెల్ల కాలరు, నల్ల స్కర్టు, ఒక పక్కకి ఒరిగిన తెల్ల టోపీ. కుడికాలు ఈడుస్తూ రెండడుగులు వేసి, మొదటి వరసలో కూర్చున్న మనిషిని చూసి, అక్కడే ఒంటికాలి మీద ఆగిపోయింది.

మారాదెబె ఆ పిల్లని పైనించి కిందికి చూసింది.

"నువ్వా! ఈస్టర్ నుంచీ ప్రతి ఆదివారం నా వెనక బెంచీలో కూర్చుంటున్నావు. నా నడకే చూస్తున్నావు. నా తుమ్ము కూడా నేర్చుకున్నావు. నేనేమో ఈ పిల్లకి దేవుడి మీద గురి కుదిరిందని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను."

"గురి కూడా కుదిరిందమ్మా," అంది బుకెకా ఏడుపు గొంతుతో. "పోయిన నెల బాప్తిస్మం కూడా తీసుకున్నాను."

"టోపీ ఇంకొంచెం వెనక్కి పెట్టు. నేనంత ముందుకి పెట్టను."

బుకెకా టోపీ సర్దుకుంది.

వాతావరణం కాస్త చల్లబరుద్దామని, టీ కోసం తెప్పించిన గ్విన్యాల పళ్ళెం నేనే తీసుకెళ్ళాను. నూనెలో వేయించిన పిండి ముద్దలవి, వేడిగా ఉన్నాయి.

"తీసుకోండి, మారాదెబె."

ఆవిడ ఒకటి అందుకుని, మధ్యకి విరిచి, లోపల జాగ్రత్తగా చూసింది. "ఎముకలేం లేవు కదా సఖుమ్జీ?"

అంటే ఎలా పోయిందో ఆవిడకి ముందే తెలుసన్నమాట. జిమాసా కుర్చీలో కూలబడింది.

"కోడి ఎముక!" అంది మారాదెబె. "ఇన్నేళ్ళ బతుకులో నేను చూసుకోకుండా కోడి తిన్నానా? పోనీ, చంపావు. తెర ముందన్నా చంపావా? లేదు. లోపలెక్కడో చచ్చానట, ఒకడు పరిగెత్తుకొచ్చి చెప్తాడట. పెళ్ళికూతురికి మూడు పాటలు. పెళ్ళికొడుక్కి నాలుగు. ఆవులకి కూడా ఒక పాటుంది. నాకేదే?"

"ఉంది కదత్తా, మొదటంకంలో..."

"అది తిట్టు. పాట కాదు."

ఇక్కడ మాత్రం నేను ఆవిడ పక్షమే. అది నిజంగా తిట్టే.

"ఒపేరా అల్లిక అలా కుదిరిందత్తా," అంది జిమాసా. "అడ్డం పడ్డ మనిషి పోతేనే ఆవులు కదులుతాయి. నువ్వు చావకపోతే మూడో అంకమే లేదు."

"అయితే రెండంకాలతో సరిపెట్టుకో. నేను చావను."

"శుక్రవారం ప్రదర్శన."

"చావనన్నానా? రేపట్నించి మా చర్చి వాళ్ళెవరూ ఇక్కడికి రారు. మిగిలినవాళ్ళు పాడుకోండి."

మిగిలినవాళ్ళంటే ఎవరు? ఆల్టో గొంతుతో పాడే ఇద్దరు ఆడవాళ్ళు, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కొందరు పిల్లలు, సిగరెట్ కోసం ఎప్పుడూ బయటే ఉండే ఒక బాస్ గొంతు మనిషి. వాళ్ళతో ఊరు ఊరంతా పండగ చేసుకుంటున్నట్టు చూపించాలంటే కష్టమే. బతిమాలుకుంటుందని అనుకున్నాను. జిమాసా లేచి నిలబడింది.

"తీసుకుపో అందర్నీ. మార్చను. చిన్నప్పట్నించీ ఈ కథ వింటూ పెరిగానత్తా. ప్రతి పెళ్ళిలో నాన్న చెప్తాడు, అందరూ పడీ పడీ నవ్వుతారు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది నేను చూశాను. రెండేళ్ళు ఒక ఆడపిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఏడిపించావు. ఇప్పుడు ఆవిడ లేదు, అడగలేదు. అందుకని నేను అడుగుతున్నాను. అందుకే రాశాను ఇది. ఎముకతోనే చంపుతాను నిన్ను."

మారాదెబె చేతిలో సగం గ్విన్యా అలాగే ఉంది. దాన్ని నెమ్మదిగా పళ్ళెంలో పెట్టి, వేళ్ళు రుమాలుతో తుడుచుకుంది.

"వంటింట్లోకి ఎందుకెళ్ళేదో తెలుసా మీ అమ్మ?"

"ఏడవడానికి."

"నవ్వడానికి. నేనూ వెనకే వెళ్ళేదాన్ని కదా, చూళ్ళేదా? ఇద్దరం చీపుళ్ళ మూల నిలబడి, నోట్లో తుండుగుడ్డ కుక్కుకుని నవ్వేవాళ్ళం." ఆవిడ గొంతు తగ్గింది. "ఆ పెళ్ళి ఆపమన్నది మీ అమ్మేనే, జిమా."

మారాదెబె గొడుగు ఒళ్ళో పెట్టుకుంది.

"ఒకే కోరస్‌లో పాడేవాళ్ళం ఇద్దరం. ఆ ఏడు బ్లూమ్‌ఫొంటేన్‌లో పెద్ద పాటల పోటీ. ఒంటిగా పాడే భాగం మీ అమ్మకిచ్చారు. ఇచ్చిన వారంలోనే మీ నాన్న పెళ్ళి మాటలకి మనుషుల్ని పంపించాడు. ఆయన మీద ఇష్టం లేక కాదు, బోలెడంత ఇష్టం దానికి. కానీ కొత్త కోడలంటే ఏమిటి? తలకి గుడ్డ కట్టుకుని, అత్తారింట్లో అందరికీ టీలు కాచడం. బస్సెక్కి ఊళ్ళు తిరిగి పాడతానంటే మా అమ్మ ఒప్పుకునే మనిషా? ఒకరోజు ఏటి దగ్గర నా చెయ్యి పట్టుకుంది. 'ఒక్క ఏడాది ఆపు వదినా, ఒక్కసారి పాడి వచ్చేస్తాను' అంది. అప్పటికింకా వదిన్ని కూడా కాను నేను. సరే అన్నాను. కుర్చీ వేసుకుని దొడ్డి గుమ్మంలో కూర్చున్నాను."

"రెండేళ్ళు కదా," అంది జిమాసా.

"మొదటి ఏడు మా కోరస్ నడిపే కండక్టర్‌కి గవదబిళ్ళలు వచ్చాయి. మొహం ఇంత! పోటీకి పోలేదు. మళ్ళీ వచ్చింది నా దగ్గరికి. ఇంకొక్క ఏడాది అంది. మళ్ళీ కుర్చీ వేశాను. ఈ ఆవుకి మెల్లకన్ను, ఆ ఆవు కుంటిది, ఇంకోటి నా కలలోకొచ్చి వెళ్ళనంది... ఎన్నని చెప్పాలి? సాకులు వెతకలేక చచ్చాను. కొత్త సాకు చెవిన పడ్డప్పుడల్లా మీ అమ్మ దుప్పటి ముసుగేసుకుని కూర్చునేది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, పాపం ఏడుస్తోందనుకునేవాళ్ళు."

బుకెకా టోపీ తీసి గుండెలకి హత్తుకుంది.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదత్తా ఇన్నాళ్ళూ?"

"మాటిచ్చాను. మీ నాన్నకి తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడంది. నన్ను చెడ్డదాన్నన్నారు, ఊరుకున్నాను. నాకేం నష్టం? పైగా చుట్టాల్లో అందరూ నాకు భయపడటం మొదలెట్టారు, హాయిగా ఉండేది. ఇప్పుడు మాత్రం నాకే భయమేసింది. ఇంట్లో చెప్పుకునే కథ ఇంట్లోనే ఉంటుంది. నువ్వు రాస్తే నిలిచిపోతుంది. నన్ను చంపితే చంపావు గానీ, మీ అమ్మని మూడంకాలూ కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఏడిపించావట కదే. అది అలాంటి మనిషా?"

జిమాసా మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి. స్వరాలు కట్టే జిమాసా, మాటలు రాసే జిమాసాని తిడుతోందని నాకు తెలుసు. ఈసారి ఎదురు జవాబు రావడం లేదు.

తలెత్తి అడిగింది. "మరి పాడిందా? బ్లూమ్‌ఫొంటేన్‌లో?"

"ఎక్కడ! బస్సు ఆలివాల్ ఊరికి ఇవతలే చెడిపోయింది. పోటీ మొదలయ్యే వేళకి మేం ఎవరో బోయర్ తెల్లదొర పొలం కంచె దగ్గర నిలబడి ఉన్నాం. మా కోరస్ కండక్టర్ అన్నాడు, 'పాడటానికి బయల్దేరాం, పాడే పోదాం' అని. కంచెకి అవతల గొర్రెలు. వాటి ముందే వరసలు కట్టుకుని మొత్తం పాడాం." కొంచెం ఆగింది. "మీ అమ్మ తన భాగం అందుకుంది చూడు... గొర్రెలు మేత ఆపేశాయే."

"నిజంగానా?"

"గొర్రెలు ఊరికే మేత ఆపవు. అన్నీ తలెత్తి చూశాయి. అంత బాగా అది ముందూ పాడలేదు, తరవాతా పాడలేదు. ఇంటికి రాగానే నేను కుర్చీ తీసేశాను. మర్నాడు ఆవులు కదిలాయి."

"ఏం పాడింది?"

మారాదెబె గొడుగు మీద రెండు చేతులూ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పాడింది. ఆ వయసులో గొంతు వణకాలి. కొంచెం వణికింది కూడా. కానీ స్వరం ఎక్కడా జారలేదు. చర్చి పాటలా మొదలై, మధ్యలో ఎవరో ఏటి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి పిలిచినట్టు పైకి లేచే పాట అది. రెండోసారికి ఆల్టోలు కింద గొంతు కలిపారు, ఎవరూ చెప్పకుండానే. మూడోసారికి బాస్‌లు. నేను పియానో ముట్టుకోలేదు. జిమాసా చేతికందిన కాగితం వెనక వేగంగా రాస్తోంది. కళ్ళ నీళ్ళు పడి సిరా అలుక్కుపోతుంటే విసుక్కుని మళ్ళీ రాస్తోంది.

పాట అయ్యాక జిమాసా లేచింది. ఇప్పుడు ఆవిడ వేరే మనిషి.

"మూడో అంకం మొత్తం తీసేస్తున్నాను," అంది.

"ప్రదర్శన శుక్రవారం," అని గుర్తుచేశాను. గుర్తుచెయ్యడం నా వృత్తి.

"బస్సు, కంచె, గొర్రెలు. పెళ్ళికూతురూ నోకాయో కలిసి పాడే పాట. ఇదే స్వరం. సఖుమ్జీ, వాద్యబృందం వాళ్ళకి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు."

"మరి నేను చావనా?" అంది బుకెకా.

"చావవు."

"ఎముకో?"

"తీసేశాను."

బుకెకా వెళ్ళి మారాదెబె మెడ కౌగిలించుకుంది. రెండు టోపీలూ కింద పడ్డాయి. వెనకనించి బాస్ పెద్దాయన చెయ్యెత్తాడు. "మరి మా చావు పాట సంగతేమిటి? ఇప్పుడిప్పుడే కుదురుతోంది."

"దాన్ని తియ్యకు," అంది మారాదెబె టోపీ దులుపుకుంటూ. "మంచి పాట. ఇంకెవర్నన్నా చంపు."

అందరూ ఒక్కసారిగా నవ్వారు. నవ్వులు తగ్గాక ఆవిడ గొడుగు పైకెత్తింది, చర్చిలో ముఖ్యమైన ప్రకటన ఉన్నప్పుడు ఎత్తినట్టు.

"ఒక్క మాట. ఇది ఈ గోడలు దాటకూడదు. మీ నాన్న ఈ ఆట చూడకూడదు."

"మొదటి వరసలో కూర్చుంటాడత్తా! కొత్త సూటు కూడా కుట్టించుకున్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు, నా ఓపిక మీద ఒపేరా రాసింది నా కూతురు అని."

"అయితే ఆ రోజు నేనే ఏదో వండి పెట్టి, కడుపునొప్పి తెప్పిస్తాను."

"ఇంతకీ నిన్నిక్కడికి ఎవరు తీసుకొచ్చారు?"

"ఆయనే. కింద బండిలో ఉండమన్నాను. రేడియోలో నాటకం వింటున్నాడు."

హాలు వెనక, దీపాలు వెయ్యని పై వరసల్లో, మడత కుర్చీ ఒకటి టప్‌మని మూసుకుంది.

అందరం తిరిగి చూశాం. టోపీ చేత్తో పట్టుకుని, పొడుగాటి మనిషి ఒకడు మెట్లు దిగి వస్తున్నాడు. జిమాసా నాన్న. బడి హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయినాయన, ఇప్పటికీ ఆయన నడిచి వస్తుంటే చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. ఎంతసేపట్నించి అక్కడ ఉన్నాడో తెలీదు. మొహంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. మారాదెబె గొడుగు నేల మీద పడింది. ఆవిడ భయపడటం నేను అదే మొదటిసారి చూడటం.

ఆయన వంగి గొడుగు తీసి అక్క చేతికిచ్చాడు.

"గొర్రెలు మేత ఆపింది పాట విని కాదక్కా," అన్నాడు. "వాటి మధ్యలో నేను బోర్లా పడుకుని ఉన్నాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆ కాగితం ఇలా ఇమ్మన్నట్టు చెయ్యి చాపాడు.

"పైగా ఒక్కణ్ణే కాదు. నా పక్కన ఇంకో మనిషి ఉంది. ఆవిణ్ణి కూడా రాయాలి నువ్వు."